కురషికి చిత్రశాల

ఇరువదిరెండు సంవత్సరములుగా మేము మా కన్నులతో చూడని వస్తువులను గూర్చి బడిపిల్లలకు చెప్పుచు కాలము గడుపుచున్నాము. కాళిదాసుని హిమాలయమును బోధించితిమి, హిమాలయమును చూడలేదు. ఆంగ్లకవుల డాఫొడిల్ పూవులను బోధించితిమి. ఆ పూవునకు వాసన గలదో లేదో యిప్పటికిని ఎఱుగము. ఐరోపా చిత్రకారుల పేరులు పాఠమున వచ్చినప్పుడు తపాలబిళ్లయంత బొమ్మను ఎత్తి చూపి, "ఇది మహాద్భుతమైన చిత్రము" అని పలికి, పిల్లలు నోళ్లు తెఱచి విన్నందులకు సంతసించి, పుట త్రిప్పితిమి. ఇట్టి ధైర్యము లేనిచో ఉపాధ్యాయునకు దినము గడవదు. కాని నలువది యేండ్లు దాటిన పిమ్మట ఆ ధైర్యము రాత్రివేళల కొంచెము బాధించుట మొదలిడును.

మా మేనల్లుడు ఒసాకానగరమున ఉద్యోగము చేయుచున్నాడు. గడచిన వేసవి సెలవులలో పదునైదు దినములు తనయొద్ద నుండుమని విమానపు టిక్కెట్టు తానే కొని పంపెను. (మేమని వ్రాయుట పత్రికామర్యాద, వెళ్లినది మే మొక్కరమే. మా యింటివారు మోకాళ్లనొప్పులచే ప్రయాణమునకు ఒప్పుకొనలేదు.) అతడు మాకు క్యోతోలోని దేవాలయములను, నారాలోని మహాబుద్ధవిగ్రహమును ఎంతో శ్రద్ధతో చూపెను. పదియవనాడు, ఇంక నేమి చూచెదరని యడుగగా, "కురషికి పోవలెను. అచట ఓహరావారి చిత్రశాల యున్నదట" అంటిమి.

అతడు ఫోనులో వెదకి చూచి నవ్వెను. "మామయ్యా! అక్కడ నున్నవి ఫ్రెంచివారి బొమ్మలు. తెల్లవారి బొమ్మలు చూచుటకు జపాను రావలెనా? పారిసు వెళ్లరాదా?"

"పారిసు వెళ్లలేనివారి కొఱకే ఆ చిత్రశాలను కట్టిరిరా, అబ్బాయీ. మీ మామయ్య ఆ జాబితాలోని వాడే" అంటిమి.

మాట పరిహాసముగానే వచ్చినది గాని, అది నిజమైన చరిత్ర. మమ్ము అచటికి లాగినదియు అదియే.

ఒసాకానుండి బుల్లెట్టురైలులో ఒకయామా చేరి, అచట చిన్న రైలెక్కి పావుగంటలో కురషికిలో దిగితిమి. స్టేషనునుండి కొంతదూరము నడచునప్పటికి ఊరు హఠాత్తుగా నూఱేండ్లు వెనుకకు పోయెను. సన్నని కాలువ, దాని గట్లమీద నీటిలోనికి వ్రేలాడు విల్లో చెట్లు, ఇరుప్రక్కల తెల్లసున్నపు గోడలు, నల్లని పెంకులుగల పాత గిడ్డంగులు. పూర్వము బియ్యము, ప్రత్తి ఈ గిడ్డంగులలో నిలువచేసి పడవలపై తరలించెడివారు. ఇప్పుడా పడవలలో యాత్రికులు గడ్డిటోపీలు పెట్టుకొని కూర్చుండి ఫొటోలు తీయించుకొనుచున్నారు. కాలువమీద రాతివంతెన యొకటి. దాని ప్రక్కలందు డ్రాగనులు చెక్కబడియున్నవి. వంతెన దాటి తల యెత్తితిమో లేదో, ఎదుట గ్రీకుదేశపు దేవాలయము!

మొదట మాకు నవ్వు వచ్చెను. నల్లపెంకుల గిడ్డంగుల నడుమ ఆ బూడిదవన్నె స్తంభములును, త్రికోణపు ముఖమును చూడగా, మడతలు చెడని పంచెమీద కోటు తొడిగి, మెడకు టై కట్టించుకొని మా తాతగారు దిగిన ఛాయాపటము జ్ఞప్తికి వచ్చెను. స్తంభములకు ముందు రోదాఁ పోతపోసిన కంచువిగ్రహములు రెండు నిలిచియున్నవి. ఒకటి బోధించుచు నడచు యోహాను. రెండవది కలే నగరపు పౌరులలో నొకడు; శత్రువునకు తన ప్రాణమిచ్చి ఊరిని కాపాడుటకు సిద్ధపడినవాడు. తాతగారి ఛాయాపటమును చూచి నవ్వినవారము కొంతసేపటికి ఎట్లు ఊరకుందుమో, అట్లే అచటను ఊరకుంటిమి. తనది కాని ఉడుపు తొడుగుకొనుటలో నున్న ఆశ నవ్వదగినది కాదు.

ఈ కట్టడము 1930లో వెలసినది. జపానులో పాశ్చాత్యకళకై యేర్పడిన మొదటి చిత్రశాల యిదియే. రాజధానిలో కాదు, ప్రభుత్వముచే కాదు, ఒక నూలుమిల్లు యజమానిచే, తన సొంతయూర. ఆయన పేరు ఓహరా మగోసబురో. 1880లో పుట్టెను. యౌవనమున తోక్యోకు చదువునకై పోయి, చదువు మాని, విలాసములకు పెద్దమొత్తమున అప్పులు చేసి, ఇంటివారు పిలిపింపగా తల వంచుకొని తిరిగి వచ్చినవాడు. ఇట్టి శ్రీమంతుల బిడ్డలకు మన పట్టణములలోను కొఱత లేదు. తేడా యంతయు తరువాతి కథలో నున్నది. ఒకయామాలో అనాథశరణాలయమును నడుపుచుండిన ఇషీ జూజీ యను క్రైస్తవుని స్నేహమున అతని మనస్సు మాఱెను. తనకు గల సంపద లోకహితమునకై తన చేతికి అప్పగింపబడినదను నమ్మకము కలిగెను.

రెండవవాడు కొజిమా తొరజిరో. ఓహరాకంటె ఒక్కయేడు చిన్న. అదే మండలములో నరివాయను ఊరిలో పూటకూళ్లయిల్లు నడుపుకొను కుటుంబమువాడు. ఓహరావారి విద్యార్థివేతనముతో తోక్యోలోని కళాపాఠశాలలో చదువుకొనెను. 1907లో ఇషీగారి శరణాలయమును చూచి అతడు వ్రాసిన చిత్రమునకు తోక్యో ప్రదర్శనమున ప్రథమబహుమానము రాగా, మరుసటియేట ఓహరా అతనిని ఐరోపాకు పంపెను. బెల్జియములోని గెంట్ నగరమున చదివి, 1912లో తిరిగివచ్చునప్పుడు అతడు అమాఁ-జాఁ యను ఫ్రెంచి చిత్రకారుని పటము నొకదానిని వెంట తెచ్చెను. జుట్టు దువ్వించుకొనుచున్న యువతి బొమ్మ అది. ఈ చిత్రశాల కంతకును విత్తనము ఆ పటమే.

అతని కోరిక మిక్కిలి సామాన్యమైనది. తాను చూచినవి స్వదేశములోని తోడి చిత్రకారులు చూడవలెను. వారికి ఓడటిక్కెట్టు కొను శక్తి లేదు. అచ్చుబొమ్మలను చూచి నేర్చుకొనుచున్నారు. అచ్చుబొమ్మలో రంగు రంగు కాదు, పొర కానరాదు, కొలత తెలియదు. కనుక అసలు పటములను కొని తెచ్చి, వారి యెదుట పెట్టవలెను. 1919లో రెండవమాఱు ఐరోపా వెళ్లినప్పుడు ఈ సంగతి ఓహరాకు విన్నవించెను. ఓహరాకు పాశ్చాత్యచిత్రములమీద ప్రత్యేకమైన మోజు లేదు. స్వదేశపు కళావస్తువులమీద ఆయనకు మక్కువ. ఐనను కొంత యోచించి సొమ్ము పంపెను. తనకు తెలియని విషయమున తెలిసినవాని కన్నును నమ్మి పెట్టె తెఱచుట ధనవంతులలో అరుదు. మన ధర్మకర్తలు బడికి బీరువా నొకటి దానము చేసినను, అందలి పుస్తకములను తామే యెన్నుకొందురు.

లోపల ఛాయాపటములు తీయరాదను నియమము. మేనల్లుని ఫోను జేబులోనికి పోయెను; ఇద్దఱికిని మేలే జరిగెను. మొదటి గదులలోనే కొజిమా వ్రాసిన పటమొకటి కనబడెను: జపాను కిమోనో తొడిగిన బెల్జియము బాలిక. బయటి స్తంభములకు ఇది ప్రత్యుత్తరమువలె నున్నది. ఆ పిల్లకు ఆ ఉడుపు తనది కాదు. ఐనను ఎంత ఠీవిగా నున్నది!

మోనే వ్రాసిన నీటికలువల పటము ఎదుటికి వచ్చినప్పుడు మేము ఆగిపోయితిమి. 1906 ప్రాంతమున వ్రాసినది. కొజిమా 1920లో జివెర్నీ గ్రామమునకు పోయి, ఎనుబదియేండ్ల యా వృద్ధుని కలిసి, తన దేశపు చిత్రకారుల కొఱకు ఒక పటము నిమ్మని కోరెను. ఒక నెల గడచిన పిమ్మట రమ్మని పెద్దాయన చెప్పి పంపెనట. మరల పోవునప్పటికి కొన్ని పటములను సిద్ధపఱచి, ఎన్నుకొమ్మనెనట. ఆ కలిమిలో నుండి కొజిమా ఎంచుకొన్నది మా యెదుట నున్న యీ పటము.

మేము తరగతిలో చెప్పునది "నీటిమీది పూవులు" అని. ఇచట గట్టు లేదు. ఆకాశము లేదు, ఉన్నదంతయు నీటిలోనిదే. దగ్గఱకు పోయి చూచినచో పూవు పూవు కాదు. గులాబివన్నెతో, తెలుపుతో ఆత్రముగా అంటించిన నాలుగు ముద్దలు. రెండడుగులు వెనుకకు జరిగితిమో, ఆ ముద్దలు నీటిపై తేలుచున్నవి. మేము ముందుకు, వెనుకకు అయిదాఱుమార్లు నడచితిమి. కావలి యామె మమ్ము కొంచెము అనుమానముగా చూచెను. మా యూరి చెఱువులో కలువలున్నవి. బాల్యమునుండి ఆ గట్టుమీదనే బడికి పోయితిమి. ఒక్కనాడైనను ఆ నీటిని ఇంతసేపు చూచియుండలేదని అప్పుడు తెలిసెను.

ఆ సమయమున ఇరువదిమంది పిల్లలు వరుసగా లోనికి వచ్చిరి. ఏడెనిమిదేండ్లవారు, పచ్చటోపీలు పెట్టుకొన్నారు. వారి పంతులమ్మ వారిని పటము ఎదుట నేలపై కూర్చుండబెట్టెను. ఆమె పటము పేరు చెప్పలేదు. చిత్రకారుని పేరు చెప్పలేదు. మహాద్భుతమని అసలే చెప్పలేదు. ఏదో యొక్క ప్రశ్న అడిగి ఊరకుండెను.

"ఏమని యడిగినదిరా?" అని మేనల్లుని మెల్లగా అడిగితిమి.

"ఈ నీళ్లు చల్లగా ఉన్నవా, వెచ్చగా ఉన్నవా అని అడిగినది, మామయ్యా."

పిల్లలు చూచుచుండిరి. ఆమెయు చూచుచుండెను. ఎవరును చేయి యెత్తలేదు. మా తరగతిలో నైనచో ఆ నిశ్శబ్దమును మేము అయిదు క్షణములు భరింపజాలము. జవాబు మేమే చెప్పి వ్రాసికొమ్మందుము. ఆమె వేచియుండెను. కొంతసేపటికి ఒక చిన్నవాడు ఏదో అనెను. తక్కినవారు వాదమునకు దిగిరి. పైభాగము చల్లనిదట, క్రిందిది వెచ్చనిదట. కాదు, అంతయు చల్లనిదేయట. మా మేనల్లుడు అనువాదము చేయుచు తానును ఆ వాదములో పడిపోయెను.

ఇందులకు తగిన పూర్వకథ యొకటి యున్నది. కొజిమా కొనితెచ్చిన పటములు 1921లో కురషికికి వచ్చినప్పుడు వానిని పెట్టుటకు భవనము లేదు. ఆ యూరి ప్రాథమికపాఠశాలలోనే ప్రదర్శించిరి. దూరపు ఊళ్లనుండి రైళ్లలో దిగినవారు స్టేషనునుండి బడివఱకు బారులు తీరి నడచిరట. మేము ఆ దృశ్యమును ఊహించుకొంటిమి. నల్లబల్లలు, పొట్టిబల్లలు గల గదులలో, సుద్దపొడి వాసన నడుమ, పారిసునుండి వచ్చిన అసలు పటములు! మేము పని చేసిన బడులలో తాళము వేసియుంచు గది యొకటి తప్పక యుండును. అందు దుమ్ముపట్టిన గ్లోబు, విఱిగిన అస్థిపంజరము ఉండును. పిల్లలు పాడుచేయుదురను భయముచే పిల్లలకు చూపము.

తరువాతి గదిలో ఎల్ గ్రెకో వ్రాసిన 'శుభవార్త'. ఎడమవైపున ఎఱ్ఱని, నీలపు వస్త్రములతో మరియమ్మ. కుడివైపున మేఘముమీద దేవదూత. నడుమ చీకటిని చీల్చుకొని దిగివచ్చు వెలుగు. 1922లో ఇది పారిసులో అమ్మకమునకు వచ్చినదని తెలిసి, తనయొద్ద నున్న సొమ్ము చాలక, కొజిమా దాని ఛాయాపటమును ఓహరాకు పంపెను. కొనుమని సమాధానము వచ్చెను. మూడువందలయేండ్లనాటి స్పెయినుదేశపు పటము నొకదానిని భూగోళమునకు ఆవలివైపునుండి, ఛాయాపటమును మాత్రము చూచి, నూలువర్తకుడు కొనెను. ఆ పటమును గూర్చి ఎందఱో వ్రాసియున్నారు. నిజము చెప్పవలెనన్న, మా మనస్సు దానియందు అంతగా నిలువలేదు. వెలుగు మా మీద పడలేదు కాబోలు.

మమ్ము నిలిపినది గోగాఁ వ్రాసిన తహితిదేశపు స్త్రీ. 1892నాటి పటము, 'రమ్యభూమి' యని దాని పేరునకు అర్థము. నల్లని వనిత యొకతె తోటలో నిలిచి పూవు కోయుచున్నది, చెవియొద్ద ఎఱ్ఱరెక్కల బల్లి, బైబిలులోని హవ్వకథ. కాని ఆమె నిలిచిన తీరు మాకు తెలిసినదివలె తోచెను. నడుము, భుజము, ముంజేయి వంచిన విధము మన శిల్పములలోనిది. ఇది మా భ్రమ కాదు. జావాలోని బొరొబుదూరు స్తూపశిల్పముల ఛాయాపటములను గోగాఁ తహితికి వెంట తీసికొనిపోయెననియు, ఈ స్త్రీ భంగిమను అందుండి గ్రహించెననియు కళాచరిత్రకారులు తేల్చియున్నారు. బొరొబుదూరులో నూటయిరువది ఫలకములపై చెక్కినది సంస్కృతగ్రంథమైన లలితవిస్తరము చెప్పు బుద్ధచరిత్ర. సంస్కృతము చదివినవాడు చూడదగిన ప్రయాణము: మన భాషలోని కథ జావాలో రాతికెక్కెను, రాయి ఫొటోలోనికి దిగెను, ఫొటో సముద్రము దాటి తహితిలో పటమాయెను, ఆ పటము పారిసు చేరి, అచటనుండి ఈ పల్లెపట్టునకు వచ్చెను. ఇట్టి పటమును పట్టుకొని "తెల్లవారి బొమ్మ" యని ఎవరికి అప్పగింతుము? మోనే ఇంటిగోడలనిండ జపాను అచ్చుచిత్రములే యుండెననియు, అతని తోటవంతెన జపానువారి పోకడయేననియు మేనల్లునకు చెప్పితిమి. అతడు తన మొదటి ప్రశ్నను ఉపసంహరించుకొనెను.

కాని ఇచట ఒక ముల్లు గ్రుచ్చుకొనెను. అమరావతి స్తూపపు ఫలకములు 1859లో లండనుకు చేరెను. నేటికిని అచటి బ్రిటిషు మ్యూజియములో నున్నవి. మఱికొన్ని చెన్నపట్టణములో నున్నవి. కృష్ణాతీరపు పిల్లవాడు తన తాతలు చెక్కిన రాతిని చూడవలెనన్న విమానమెక్కవలెను, లేదా మా చేతిలోని తపాలబిళ్లయంత బొమ్మతో తృప్తిపడవలెను. కురషికి పిల్లవాడు పరాయివారి పటమును నేలమీద కూర్చుండి చూచుచున్నాడు. ఆ పటము వెల చెల్లించి, చిత్రకారుని సమ్మతితో తెచ్చినది.

ఇంక వ్రాయవలసినదానిని వాయిదా వేయుచున్నామని చదువరులు గ్రహించియుందురు.

సెగంతీనీ యను ఇటలీవాని పటము, 'ఆల్ప్సుపర్వతములలో మధ్యాహ్నము', 1892లో వ్రాసినది. మెలితిరిగిన చెట్టు నానుకొని గొఱ్ఱెలకాపరి వనిత యొకతె నిలిచియున్నది, వెనుక మంచుకొండలు, అంతటను కన్నులు మిఱుమిట్లు గొలుపు ఎండ. దగ్గఱకు పోయి చూచితిమి. రంగులను కలిపి పూయలేదు. పోగు ప్రక్కన పోగుగా, నీలము, పసుపు, ఎఱుపు, తెలుపు సన్నని గీతలుగా పేర్చుకొని పోయినాడు. గడ్డి ఒక నేత. చెట్టుబెరడు మఱియొక నేత. మా కాళ్లు అచటనే నిలిచిపోయెను. ఎందుకనగా ఈ చెట్టును మేము ఇంతకుముందు చూచియుంటిమి.

పదునాలుగేండ్ల క్రిందట మా తరగతిలో చేనేతవారి పిల్లవాడు ఒకడుండెను. తెలుగు నోటుబుక్కు వెనుకపుటలనిండ రంగుపెన్సిళ్లతో బొమ్మలు వ్రాసెడివాడు. ఒకనాడు ఆ పుస్తకము మా చేత చిక్కెను. బడివెనుకనున్న తుమ్మచెట్టు. ఆకుపచ్చరంగు పూయుటకు మాఱుగా, పసుపు, నీలము, ఎఱుపు గీతలను ప్రక్కప్రక్కన నిలువుగా గీసికొని పోయినాడు, పడుగుపోగులవలె. "చెట్టు ఎఱ్ఱగా ఉండునా?" అని మేము తరగతి యెదుట అడిగితిమి. అందఱును నవ్విరి. వాడు ఏదో చెప్పబోయెను. మేము వేచియుండలేదు.

ఆ యేట బడిలో చిత్రలేఖనపు గంటను తీసివేసి గణితమునకిచ్చిరి. పదియవతరగతి ఫలితములు మెఱుగుపడవలెనని అందఱమును కూడి చేసిన నిర్ణయమే. మేము చేయి యెత్తినవారిలోని వారమే. పరీక్షలైన పిదప వాని తండ్రి మాయొద్దకు వచ్చెను. అరుగుమీద కూర్చుండమన్నను కూర్చుండలేదు. "అయ్యా, మావాడికి బొమ్మలంటే ప్రాణము. ఆ చదువు చెప్పు బడులున్నవట గదా. పంపమన్న పంపెదను, అప్పైనను చేసెదను. తమరే చెప్పవలెను" అనెను. మగ్గము కూడుపెట్టని దినములవి. ఆ మనిషి అప్పు చేయుదుననుట ఎంతటి మాటయో మాకు తెలియును. "బొమ్మలు అన్నము పెట్టవు. పాలిటెక్నికులో వేయుము" అంటిమి. దండము పెట్టి వెళ్లిపోయెను.

ఆ పిల్లవాడు చెడిపోలేదు. హైదరాబాదులో విద్యుత్పరికరముల సంస్థలో మంచి ఉద్యోగములో నున్నాడు. చెల్లెలి పెండ్లి చేసినాడు. తండ్రిని మగ్గము దింపినాడు. ప్రతియేట సెప్టెంబరు 5వ తేదీని ఫోను చేసి, "మీ మాటవలననే నిలదొక్కుకొంటిని, సార్" అనును. ఆ ఫోను మాకు ఇన్నాళ్లు బహుమానమువలె తీయగా నుండెను. మేము చెప్పిన సలహా తప్పనికూడ ఇప్పటికిని అనజాలము. ఆ యింట అప్పు పెరిగియున్న నేమయ్యెడిదో! కాని చెట్టును గూర్చి వాడు చెప్పబోయినది మేము వినలేదు. సెగంతీనీ చెట్టు ఎదుట నిలిచినప్పుడు, వాడు చెప్పబోయినది ఇదియేనని తెలిసెను.

మేనల్లుడు ప్రక్కకు వచ్చి, "మామయ్యా, కూర్చుండెదరా?" అని యడిగెను. మా ముఖము ఎట్లుండెనో మాకు తెలియదు.

పింగాణి, అచ్చుచిత్రములు, బట్టల అద్దకములుగల జపాను చేతిపనుల విభాగము తరువాతికాలమున చేర్చినది. హమదా షోజీ చేసిన మట్టిపాత్రలు చక్కగానున్నవి. మాకప్పుడు వానిని చూచు ఓపిక లేకపోయెను. మఱియొకమాఱు పోయినచో అచటనే మొదలిడెదము.

బయటికి వచ్చి, కొంతదూరము నడచి, ఈ పటములకు సొమ్మెక్కడిదో చూడబోయితిమి. 1889లో పని మొదలిడిన ఎఱ్ఱయిటుకల నూలుమిల్లు అది. గోడలనిండ ఐవీతీగ, లోపలి వేడిమి తగ్గుటకై నాడు నాటినది. 1974నుండి అది యాత్రికుల విడిది. అందొక భాగమున మిల్లు చరిత్రను తెలుపు ప్రదర్శనశాల: పాత యంత్రములు, లెక్కపుస్తకములు, ఛాయాపటములు. ఛాయాపటములలో వరుసలు వరుసలుగా ఆడుపిల్లలు. మేము తరగతిలో అటెండెన్సు పిలుచు వయస్సువారు కొందఱు. పల్లెలనుండి వచ్చి మిల్లు వసతిగృహములలో నుండి నూలు వడికినవారు. 1906లో ఆ వసతిగృహములలో అంటువ్యాధి ప్రబలి కొందఱు మరణించిరి. బాధ్యత తనదని మగోసబురో తండ్రి అధ్యక్షపదవిని విడువగా, ఇరువదియాఱేండ్ల కుమారుడు ఆ పీఠమెక్కెను. అతడు చేసిన మొదటి పనులలో వసతిగృహములను మార్చుట యొకటి. 1921లో శ్రామికుల అలసటను, ఆరోగ్యమును పరిశీలించు శాస్త్రసంస్థను, 1923లో పెద్ద వైద్యశాలను స్థాపించెను. వైద్యశాలను ఊరివారి కందఱకును తెఱచెను. ఈ వరుసలో చిత్రశాల చివరిది. 1929లో కొజిమా నలువదియేడేండ్ల ప్రాయమున మరణించెను. మరుసటియేట, వ్యాపారములు కూలిపోవుచున్న కాలమున, ఓహరా స్నేహితుని పేర దీనిని కట్టించెను. తొలినాళ్లలో ఒక్కడైనను రాని దినములుండెడివట.

ఆ ఆడుపిల్లల ఛాయాపటముల యెదుట మేము మోనే పటము ఎదుట నిలిచినంతసేపు నిలిచితిమి. నాటి జపాను మిల్లులు వడికిన ప్రత్తిలో అధికభాగము మన దేశమునుండి పోయినదే. 1893లో జంషెడ్జీ టాటా పూనికతో బొంబాయికిని జపానుకును నేరుగా ఓడలు నడచుటకు ఆ ప్రత్తియే కారణము. తరువాత ఆ దేశపు చౌకబట్ట మన సంతలలోనికి వచ్చెను. 1933లో నాటి ఇండియా ప్రభుత్వము దానిపై సుంకమును నూటికి 75 వఱకు పెంచగా, జపాను మిల్లులు మన ప్రత్తి కొనుట మానెను. 1934లో ఇంత ప్రత్తికి ఇంత బట్టయని ఒడంబడిక జరిగెను. ఆ లెక్కలలో ఇక్కడి పిల్లల వ్రేళ్లును ఉన్నవి, మా శిష్యుని తాతగారి మగ్గమును ఉన్నది. సెగంతీనీ పటమును కొన్న పోగులు ఎక్కడెక్కడినుండి వచ్చినవో విప్పి చూచుట మొదలిడినచో మాకు దిగ్భ్రమ కలిగెను. ఐనను, ఆ పోగులు ఇతర మిల్లు యజమానుల యిండ్లలో ఏమైనవో ఊహించుకొని, ఓహరామీద కోపము తెచ్చుకొనజాలకపోయితిమి.

చిత్రశాల దుకాణమున కొన్న సెగంతీనీ కార్డు మా జేబులో నుండెను. కాలువగట్టున రాతిబల్లమీద కూర్చుండి, దానిపై శిష్యునకు నాలుగు పంక్తులు వ్రాసితిమి. "ఫొటో తీసి వాట్సాపులో పంపిన క్షణములో చేరును గదా, మామయ్యా!" అని మేనల్లుడనెను. వలదంటిమి. తుమ్మచెట్టును గూర్చి వ్రాసితిమి. క్షమింపుమని వ్రాయుటకు చేయి రాలేదు. ఆ నోటుబుక్కు ఉన్నదాయని మాత్రము అడిగితిమి.

ఇంటికి వచ్చిన మూడువారములకు వాని ఫోను వచ్చెను. ఆరోగ్యమెట్లున్నదని, జపానులో చలి యున్నదాయని అడిగెను. తండ్రికి కన్ను ఆపరేషను చేయించితిననెను. నోటుబుక్కు మాట ఎత్తలేదు. మేమును ఎత్తలేదు. ఫోను పెట్టివేయుదునని చెప్పి, మరల ఆగి, "సార్, ఆ కార్డులోని బొమ్మ నిజముగా ఎంత యుండును?" అని యడిగెను.

మేము చెప్పితిమి. నిలువు గజమునకు కొంచెము తక్కువ. అడ్డము అంతకన్న మఱికొంచెము తక్కువ. కొన్నిచోట్ల రంగు పోగులు వ్రేలికి తగులునంత ఎత్తుగా లేచియున్నవి. చెట్టుబెరడులో ఎఱుపు ఉన్నది. దగ్గఱకు పోయినగాని కనబడదు. వాడు వినుచుండెను. ఎడమచేత ఫోను పట్టుకొని, కుడిచేతితో ఆ కొలతను గాలిలో చూపుచున్నామని, మా యింటివారు వంటింటినుండి వచ్చి నిలువబడి చూచుచుండగా మాకు తెలిసెను.